వదిన కార్డు మీద నా చేతులు

పదిహేనేళ్ల పాటు నా చేతులు మా వదిన పేరు మీద బతికాయి. కాలు మాత్రం నా పేరు మీదే ఉండేది. ఎందుకంటే పింఛను వచ్చేది కాలికి.

ఈ సంగతి ఎల్లారెడ్డిలో మా గల్లీ మొత్తానికి తెలుసు. తెలియనిది సర్కారుకూ, బీడీ కార్ఖానాకూ మాత్రమే. నాకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చిందట. అది పోతూ పోతూ ఎడమ కాలును వెంట తీసుకుపోయింది. పెద్దయ్యాక పింఛను మంజూరైంది. ఏటా ఒకసారి కామారెడ్డి ఆస్పత్రికి పోయి, ఈ మనిషి ఏ పనీ చేసుకోలేదని కాగితం రాయించుకు రావాలి. డాక్టరు నా కాలు చూసేవాడు, నా చేతుల మీద తీర్పు రాసేవాడు. ఆ చేతులు ఆ పొద్దున బస్సెక్కే ముందే నాలుగు కట్టల బీడీలు చుట్టి వచ్చిన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మా గల్లీలో చాట లేని ఇల్లు లేదు. బియ్యం చెరగడానికి కాదు, బీడీలు చుట్టడానికి. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని, అందులో తునికాకూ తంబాకూ పోసుకుని, పొద్దుగూకే దాకా చుడుతూనే ఉండేవాళ్లు. నాకు పదేళ్లకే చేయి తిరిగింది. చిన్నపిల్లకు కార్ఖానా వాళ్లు కార్డు ఇవ్వరు గనక వదిన కార్డు మీద చుట్టాను. కార్డు ఇచ్చే వయసు వచ్చేసరికి పింఛను వచ్చింది. కార్డు తీసుకుంటే పని చేస్తున్నట్టు, పని చేస్తే పింఛను పోయినట్టు. అందుకని వదిన కార్డు మీదే చుడుతూ పోయాను.

మా వదినది పిట్లం. వ్యవసాయం ఇంటి పిల్ల. పొలంలోకి దిగిందంటే పక్క మునుంలో, అంటే పక్క వరుసలో, నాటేవాళ్లు దండం పెట్టి గట్టెక్కాలి, అంత వడిగా నాటేసేది. కానీ తునికాకుకు ఆమె చేయి పడలేదు. ఆమె చుట్టిన బీడీ ఒక కొస ఏడో నెల గర్భిణిలా, రెండో కొస ఏకాదశి ఉపవాసంలా ఉండేది. పెళ్లయిన కొత్తలో రెండు నెలలు ప్రయత్నించి, చాట నా ముందు పెట్టి, "నీ కాళ్లు మొక్కుత పిల్లా, ఇది నాతోని కాదు" అంది. మొక్కడానికి ఉన్నది ఒక్క కాలే గదా అన్నాను నేను. ఆ రోజు నుంచి ఏర్పాటు కుదిరింది. ఆకూ తంబాకూ తేవడం, కట్టలు గంపలో పెట్టుకుని కార్ఖానాలో అప్పజెప్పడం ఆమె పని. చుట్టడం నా పని.

కార్ఖానాలో కట్టలు చూసి తీసుకునే పెద్దమనిషిని టేకేదారు అంటారు. వదులుగా ఉన్న బీడీనీ, మూతి సరిగ్గా ముడవని బీడీనీ ఏరి అవతల పారేస్తాడు. ఆడవాళ్లు ఏడ్చినా, తిట్టినా, మొక్కినా ఆయన వేళ్లకు చెవులుండవు. అలాంటి మనిషి వదిన కట్టలను విప్పి చూడకుండానే తీసుకునేవాడట. ఒక ఏడాది కార్ఖానాలో అందరికంటే మంచి చేయి ఎవరిదని చూసి బహుమానం ఇచ్చారు. ఇంకెవరికి, మా వదినకు. పెద్ద స్టీలు బక్కెట్టు, దాని మీద అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన వదిన పేరు. మెడలో దండ వేసి, "ఈమె చెయ్యి చెయ్యి కాదు, మిషిని" అని టేకేదారు అందరి ముందూ చెప్పాడట. వదిన ఏడ్చిందట. సంతోషంతో అనుకున్నారు అందరూ.

ఇంటికి తెచ్చి నా ముందు పెట్టింది. "నీదే పిల్లా" అంది. నాది ఎట్లా అవుతుంది? పేరు చదవడం వచ్చు నాకు, ఏడో తరగతి దాకా పోయాను. రెండు రోజులు వదినతో మాట్లాడలేదు. మూడో రోజు తలంటు పోసుకోవలసి వచ్చింది, వీపు రుద్దేది వదినే గనక మాట్లాడక తప్పలేదు. ఆ బక్కెట్టులోని నీళ్లే నెత్తి మీద పోసింది. కళ్లలోకి కుంకుడు రసం పోయి మండితే, బక్కెట్టు మీద కోపం కూడా దాంతో కలిపి ఏడ్చేశాను.

తొంభైలు మొదలైన రోజుల్లో, వానాకాలానికి ముందు, జిల్లా ఆఫీసు నుంచి ఒక కొత్త అధికారి వచ్చాడు. మీసం ఇంకా గట్టిపడని మనిషి, భుజానికి సంచి. మండలంలో పింఛను తీసుకునే మమ్మల్ని పన్నెండు మందిని పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టాడు.

"పని చేస్తే పింఛను పోతుందన్న భయంతో మీరు పనికి పోవట్లేదేమోనని మా పైవాళ్ల అనుమానమండీ" అన్నాడు. "అందుకే కొన్ని మండలాల్లో పరీక్ష పెట్టి చూస్తున్నాం. ఏడాది పాటు మీరు పని చూసుకోండి, పింఛను ఆపం. పని దొరుకుతుందా, దొరికితే నిలుస్తుందా, అదే మేం చూసేది. దాచవలసింది ఏమీ లేదు."

దాచవలసింది ఏమీ లేదని సర్కారు మనిషి అన్నాడంటే దాచవలసింది చాలా ఉందన్నమాట. అందరూ తలలు వంచుకున్నారు. నా పక్కన చూపు లేని పెద్దాయన ఉన్నాడు. బస్టాండులో పల్లీలు అమ్ముతాడు. పిలుపు రాగానే నేరుగా వచ్చేశాడేమో, గంపను ఎక్కడ దాచాలో తెలియక దాని మీద తువ్వాల కప్పి దాని మీదే కూర్చున్నాడు. వేయించిన పల్లీల వాసన గదంతా కమ్ముకుంది. ఆయన అవతల ఒక చేయి లేని అన్న. పిండి గిర్ని నడుపుతాడు.

అధికారి ఒక్కొక్కరినీ అడుగుతూ రాసుకుంటున్నాడు. గిర్ని అన్న దగ్గర ఆగాడు.

"మీరేదైనా పని చేస్తున్నారా?"

"ఒక్క చెయ్యితోని ఏం పని చేస్త సార్?"

"మరి మీ కనుబొమ్మల మీద తెల్లగా ఏమిటండీ?"

"చుండ్రు సార్."

అధికారి అది కూడా రాసుకున్నాడో లేదో తెలియదు. పల్లీల పెద్దాయనను అడిగితే, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, "నాకేం పనుంటది బిడ్డా, ఇంట్ల కూసోని దేవుణ్ని తలుచుకుంట" అన్నాడు. కిందనుంచి గంప కిర్రుమంది.

అట్లా పదకొండు మందీ ఏ పనీ లేనివాళ్లయ్యారు. ఆ పొద్దు వాళ్లు ఒక గంట పని ఆపినందుకే బస్టాండులో పల్లీలు లేవు, ఊళ్లో పిండి లేదు. నా వంతు వచ్చింది. నోట్లోంచి మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

"నాకు బీడీ కార్డు కావాలె సార్. నా పేరు మీద."

పదకొండు తలలూ నావైపు తిరిగాయి. చూపు లేని పెద్దాయన తల కూడా తిరిగింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇంటికి వెళ్లాక నన్ను కన్న అవ్వ తిట్టింది. తిడితే తిట్టనీ. ఆ కార్డు ఉంటే ముసలితనంలో పీఎఫ్ వస్తుంది, మందులు దొరుకుతాయి, అవన్నీ నిజమే. కానీ నాకు కావలసింది అవి కాదు. అంచు కింద పేరున్న ఆ బక్కెట్టును రోజూ చూసి చూసి నాకు కడుపు మండిపోయింది. నేను చేసిన పని నేను చేశానని ఒక్క కాగితం మీదైనా ఉండాలి. అంతే.

అధికారి ఎంత సంతోషపడ్డాడో! పన్నెండు మందిలో తన పరీక్షకు దొరికింది నేనొక్కదాన్నే. కార్ఖానాకు ఉత్తరం రాసిచ్చాడు. ముందు ఆరు నెలల పాటు చెల్లే కచ్చా కార్డు ఇస్తారు. ఆ ఆరు నెలల్లో తాను మూడుసార్లు చెప్పకుండా వస్తాడు. మూడింటిలో ఒక్కసారైనా నేను పనిలో కనిపించాలి. కనిపిస్తే పక్కా కార్డు. కనిపించకపోతే, పని దొరికినా నిలుపుకోలేదని రాసి కార్డు వెనక్కి పంపుతాడు. ఒక్కసారి కనిపించడం ఎంత పని అనుకున్నాను.

కార్ఖానాలో ఉత్తరం చూసి, పని చేసే శక్తి ఉందని డాక్టరు కాగితం తెమ్మన్నారు. సరిగ్గా ఆ వారమే ఏడాది కాగితం రాయించుకోవలసిన గడువు కూడా. వదినా నేనూ కామారెడ్డి బస్సెక్కాం. డాక్టరు అలవాటుగా కాలు చూసి, పని చేసుకోలేదని రాసి, ముద్ర కొట్టాడు. అప్పుడు రెండో కాగితం ముందు పెట్టాను.

"ఇదేంది?"

"పని చేసుకోగలదని రాయాలె సార్."

"ఇప్పుడే గదమ్మా చేసుకోలేదని రాసిన? సిరా గూడ ఆరలే."

"అది పింఛను ఆఫీసుకు సార్. ఇది కార్ఖానాకు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఆయన ఆ కాగితం వైపూ ఈ కాగితం వైపూ చూశాడు. "ఏం పని చేస్తవ్ అసలు?" అని విసుక్కున్నాడు. నేను నోటితో చెప్పలేదు. బల్ల మీదున్న మందుల చీటీ ఒకటి చించి, ఏటవాలుగా పట్టుకుని, ఒక్క తిప్పు తిప్పి, మూతి ముడిచి, ఆయన పెన్ను పక్కన పెట్టాను. అచ్చం బీడీ. పక్కనున్న కంపౌండరు దాన్ని తీసి చెవి మీద పెట్టుకున్నాడు, అలవాటున్న మనిషి. డాక్టరు నవ్వాపుకోలేక సంతకం పెట్టాడు. మొదటి కాగితంలో కాలు, రెండో కాగితంలో చేతులు అని విడివిడిగా రాశాడు. ఆయనకు పుణ్యముంటుంది.

కార్డు వచ్చింది. ఫోటోలో నా కళ్లు సగం మూతపడి, తుమ్ము రాబోతున్న మనిషిలా ఉన్నాను. అయినా ఆ రోజు ఆ కార్డును ఎన్నిసార్లు తీసి చూశానో! అంత సంతోషం నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. నా చేతులు నా కార్డుకు వచ్చేసరికి వదిన కార్డుకు చేతులు లేకుండా పోయాయి. నెలలో కొన్ని కట్టలైనా ఇవ్వకపోతే కార్డు తీసేస్తారు. వదిన మళ్లీ చాట ముందేసుకుంది. టేకేదారు ఆమె కట్ట విప్పి చూసి నిర్ఘాంతపోయాడట. "ఏమైందే నీ చెయ్యికి?" అంటే, "ఏలుకు దెబ్బ తాకింది" అని చీర చింపి కట్టు కట్టుకుంది. ఆ దెబ్బ ఆరు నెలలూ మానలేదు.

మొదటిసారి అధికారి వచ్చినప్పుడు నేను స్నానం చేస్తున్నాను. గల్లీ మొదట్లో, పిన్ని వరసన అందరం ఖాలా అని పిలిచే ఆమె ఇల్లు. ఆమె ఇంటాయన దుబాయిలో ఉండేవాడు. ఆయన డబ్బాలో పంపిన సెంటు పూసుకుని గుమ్మంలో కూర్చుని, గల్లీలోకి ఎవరు వచ్చినా ముందు తానే పలకరించేది. భుజాన సంచి చూడగానే సర్కారు మనిషని కనిపెట్టింది. పరీక్ష సంగతి అవ్వ ఆమెకు చెప్పింది, నేను చెప్పాను, వదిన చెప్పింది. మూడుసార్లు విని కూడా, సర్కారు మనిషి వచ్చేది పింఛను కోయడానికే అన్న నమ్మకం ఆమె మనసులోంచి కదల్లేదు.

"ఆ పోరి పనా?" అందట చెంపలు వేసుకుని. "తౌబా తౌబా! చెంచా గూడ లేపది సాబ్. అన్నం నేనే తినిపిస్త."

నేను తడి జుట్టుతో కర్ర పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆయన బస్సుకు వెళ్లిపోయాడు. ఖాలా నా వైపు గర్వంగా చూసింది. "నీ పింఛను బచాయించిన బేటీ" అంది. నేను ఆమెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆమె సగం ఉర్దూలోకి మార్చుకుని దీవెనలుగా తీసుకుంది.

రెండోసారి వచ్చినప్పుడు నేను కార్ఖానాలో ఉన్నాను, నా కట్టలు నేనే అప్పజెబుతూ. అంటే పనిలోనే ఉన్నాను. ఇంట్లో వదిన నా చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. నేను పనిలోకి పోయానని చెబుదామని నోరు తెరిచిందట. ఈలోగా ఖాలా వెనకనుంచి వచ్చేసింది.

"చాట ఈ వదినది సాబ్. బీడీలు ఈమెవే. చూడుండ్రి, ఇనాం గూడ ఒచ్చింది" అని స్నానాల గది నుంచి బక్కెట్టు మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. అధికారి వంగి పేరు చదువుకున్నాడు. పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. వదిన ఎంత చెప్పినా, పాపం ఆడబిడ్డ మీద ప్రేమతో చెబుతోందనుకున్నాడు. నా పని నాకు దక్కకుండా చేయడానికి ఒక బక్కెట్టు సాక్ష్యం చెప్పింది. దాన్ని ఆ రోజు బావిలో పారేద్దామనుకున్నాను గానీ, బావి దాకా మోసే శక్తి లేదు.

ఇక మిగిలింది ఒక్కసారి. నాకు భయం పట్టుకుంది. స్నానం తెల్లవారక ముందే ముగించేదాన్ని. కట్టలు వదిన చేత పంపేదాన్ని. గుమ్మం బయట అరుగు మీద, ఎండ పడ్డా చినుకు పడ్డా చాటతో కూర్చునేదాన్ని. దప్పికైనా లోపలికి పోయేదాన్ని కాదు. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, "ఉన్నది పాయె, ఉంచుకున్నది పాయె అంటరు గిదే" అని గొణిగేది. పింఛనూ పోతుంది, కార్డూ పోతుందని ఆమె దిగులు.

ఆరో నెల చివర్లో వచ్చాడు. గల్లీ మలుపులో సంచి కనిపించగానే నా వేళ్లు ఇంకా వడిగా తిరిగాయి. ఆయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. చుట్టిన బీడీ చూశాడు, నా ముఖం చూశాడు, చిన్నగా నవ్వాడు. అబ్బ, అయిపోయిందనుకున్నాను.

అంతలో ఖాలా పరుగున వచ్చింది. ఆమె వెనక గిర్ని అన్న, ఆయన భుజం పట్టుకుని పల్లీల పెద్దాయన. ముగ్గురూ ఎంత దూరం నుంచి వచ్చారో, రొప్పుతున్నారు.

"అది పని కాదు సాబ్" అంది ఖాలా. "బీమారీ, రోగం. చేతులు వాటంతట అవే గట్ల తిరుగుతయ్."

"అవును సార్" అన్నాడు గిర్ని అన్న. "చిన్నప్పటి సంది గట్లనే. ఆకు లేకున్న తిరుగుతయ్."

"నా కండ్లతోని చూసిన బిడ్డా" అన్నాడు పల్లీల పెద్దాయన. "ఈ పోరి ఒక్కనాడు పని చెయ్యలే."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మీ నోట్ల మన్ను వడ! నా చేతులకు బీమారీ లేదు! నా పని నేను చేస్తున్న!" అని అరిచాను. చాట ఒళ్లోంచి జారి ఆకంతా వీధిలో పడింది. అధికారి చాలాసేపు తల గోక్కున్నాడు. చివరకు, "కార్ఖానాకు పోదాం పదండి. కట్టలు ఎవరివో అక్కడైతే తెలుస్తుంది" అన్నాడు. అందరం బయల్దేరాం. వదినా వచ్చింది, వేలికి కట్టుతో. ముగ్గురు సాక్షులూ వచ్చారు. పిలవకుండానే.

కార్ఖానా వసారాలో ఆడవాళ్లు కట్టలతో వరుసగా కూర్చుని ఉన్నారు. అధికారి నా కార్డు మీద వచ్చిన కట్ట ఒకటి తీసి టేకేదారు ముందు పెట్టాడు. "ఇది ఎవరు చుట్టారో చెప్పగలరా?"

టేకేదారు కట్టను అరచేతిలో ఒకసారి దొర్లించాడు. "కండ్లు మూసుకోని చెప్త సార్. పదిహేనేండ్ల సంది చూస్తున్న చెయ్యి. ఇది ఈ పోరి వదినది." వదిన వైపు చూపించాడు. "నాకిప్పుడు సమజైంది. మంచి బీడీలన్ని ఆడబిడ్డ కార్డు మీద ఇచ్చుకుంట, చెత్తవి తన కార్డు మీద ఇస్తున్నది. సర్కారు స్కీము ఉన్నదని ఇద్దరు కల్సి చేస్తున్న దొంగపని."

ఆకు ఇమ్మన్నాను. ఆ వసారాలోనే కూర్చుని, అందరూ చూస్తుండగా ఒకదాని వెంట ఒకటి పది చుట్టాను. టేకేదారు ఒక్కొక్కటే వేళ్ల మధ్య నొక్కి చూశాడు. తల ఊపాడు.

"అచ్చం వదిన చెయ్యే" అన్నాడు. "వదిన దగ్గర మంచిగ నేర్చుకున్నది. నేర్చుకోవద్దని నేనంటలేను. కానీ ఇన్ని కట్టలు ఈమెతోని అయ్యేటివి కావు సార్, మాకిచ్చిన డాక్టరు కాగితం ఎట్లున్నా, ఆమెకు పని చేతగాదని పింఛను ఆఫీసుల కాగితమే ఉన్నది గదా."

అధికారి పెన్ను తీశాడు. నేను వదిన వైపు చూశాను. ఒక్క మాట చాలు, నిజం చెబితే నా కార్డు నాకు ఉంటుంది. కానీ ఆ మాటతో ఆమె కార్డు పోతుంది, పదిహేనేళ్ల పీఎఫ్ పోతుంది, ఇంతమంది ఆడవాళ్ల ముందు మెడలో పడిన దండ కూడా పోతుంది. ఆమె కట్టు కట్టిన వేలును ఇంకో చేత్తో పట్టుకుని నేల చూస్తోంది. నా వీపు రుద్దిన చెయ్యి, నా బట్టలు ఉతికిన చెయ్యి అది. నేను అడగలేకపోయాను. జాకెట్టులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. సగం కళ్లు మూసుకున్న నా ఫోటో పైకి చూస్తోంది.

"ఆగు పిల్లా" అంది వదిన.

వేలి కట్టు పళ్లతో లాగి పారేసింది. కింద దెబ్బా లేదు, గీతా లేదు. ఎవరి ఒళ్లోనో ఉన్న చాట లాక్కుని నేల మీద కూలబడింది. ఆకు తీసుకుంది, తంబాకు పోసింది, సగం తంబాకు చీర మీద పోసుకుంది, నాలుక బయట పెట్టి, చుట్టింది. దారం కట్టింది. దారం ఊడింది. మళ్లీ కట్టింది. చివరకు పైకెత్తి చూపించింది. ఏడో నెల గర్భిణీ, ఏకాదశి ఉపవాసమూ, రెండూ ఉన్నాయి అందులో.

"ముట్టియ్యి" అంది టేకేదారుతో.

ఆయన అయోమయంగా నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. ఒక్క దమ్ము లాగాడో లేదో, ఆకు విచ్చుకుంది, నిప్పుతో సహా తంబాకు మొత్తం ఆయన ధోవతి మీద పడింది. ఆ పెద్దమనిషి అట్లా ఎగరడం కార్ఖానా పుట్టాక ఎవరూ చూసి ఉండరు. పల్లీల పెద్దాయన, "ఏమైంది, ఏమైంది, జర నాకు గూడ చెప్పుండ్రి" అని అడుగుతున్నాడు. ముందు నవ్వింది వదినే. తర్వాత వసారా అంతా నవ్వింది.

నవ్వు ఆగాక వదిన లేచి నిలబడింది. "గిది నా చెయ్యి" అంది. "గా కట్టలన్ని దాని చెయ్యి. మొదటి సంది దానిదే. ఇనాం దానిది, పేరు నేను పెట్టుకున్న. నా కార్డు తీస్కో, దాని కార్డు దానికియ్యి."

ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. అధికారి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు, "అయితే మీరు ఎప్పటి నుంచి పని చేస్తున్నారు?"

"పదిహేనేండ్ల సంది సార్."

ఆయన పెన్ను కాగితం దాకా పోయి ఆగింది. పింఛను కాగితాలన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. ఖాలా వైపు చూశాడు, గిర్ని అన్న కనుబొమ్మల వైపు చూశాడు, పల్లీల వాసన పీల్చాడు. తన పరీక్ష ఎక్కడ తప్పిందో ఆయనకు అప్పుడే అర్థమైందనుకుంటాను. పని లేనివాళ్లకు పని దొరుకుతుందా అని చూడటానికి వచ్చాడు, పని లేనివాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు.

"ఆరు నెలలు అని రాసుకుంటానండీ" అన్నాడు. "పని దొరికింది, నిలిచింది."

పక్కా కార్డు వచ్చింది. వదిన కార్డు పోయింది. పీఎఫ్ కోసం మా అన్న, అంటే వదిన పెనిమిటి, నాలుగుసార్లు తిరిగాడు, కొంతే ఇచ్చారు. "పీడ పోయింది" అంది వదిన. మరుసటి వారమే నిజాంసాగర్ కాలువ కింది పొలాల్లో నాట్లకు పోయింది, సాయంత్రం మోకాళ్ల దాకా బురదతో పాట పాడుకుంటూ వచ్చింది. ఏడాది తిరగగానే పరీక్ష అయిపోయిందని, పాత నియమమే ఉంటుందని ఉత్తరం వచ్చింది. పరీక్షలో ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. పింఛనో కార్డో ఒకటి కోరుకోమన్నారు. కార్డు కోరుకున్నాను. గల్లీ గల్లీ అంతా చావుకు వచ్చినట్టు పరామర్శకు వచ్చింది. గిర్ని అన్నా, పల్లీల పెద్దాయనా ఏ పనీ లేనివాళ్లుగానే మిగిలారు, ఒక్కరోజు కూడా ఖాళీగా కూర్చోకుండా.

ఆ దసరా ముందు వదిన బక్కెట్టును చంకన పెట్టుకుని గిన్నెల దుకాణానికి పోయింది. తన పేరు చెరిపేసి నా పేరు కొట్టమంది. కొట్టిన చుక్కలు చెరగవమ్మా అన్నాడు దుకాణం ఆయన. అయితే పక్కన కొట్టమంది. పక్కన కార్ఖానా వాళ్ల పువ్వుల తీగ ఉంది, చోటు లేదు. చోటు ఎక్కడుంటే అక్కడ కొట్టమని ఆయన ముందు కూర్చుంది. ఆయన విసుగెత్తి బక్కెట్టును తలకిందులు చేసి, అడుగున కొట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చాక వదిన ముఖం చిన్నబోయింది. "నీళ్లు నింపితె నీ పేరు కనవడదే పిల్లా" అంది.

ఆ బక్కెట్టు ఇప్పటికీ ఉంది. స్నానమయ్యాక దాన్ని ఆరడానికి బోర్లించే పని మా ఇంట్లో ఇంకెవరినీ చేయనివ్వను.